కోత ఫోటోల పెద్దమ్మ

పెద్దమ్మ పోయిందన్న కబురు నాకు యూనివర్సిటీ మేడం ఫోన్ చేసి చెప్పింది. ఆ మాట రాస్తుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతోంది. మా అమ్మకు తోడబుట్టిన అక్క, పిల్లలు లేని మనిషి, నన్ను పెంచిన మనిషి. ఆమె పోయిన సంగతి నాకు పరాయివాళ్ళు చెప్పాలా? పొద్దున చాయ్ పెట్టుకుందామని లేచి, వంటింటి గడప దగ్గర కుర్చీలో కూలబడిందట. కింది వాటాలో ఉండే ఆవిడ చూసి, పెద్దమ్మ ఫోన్ అందుకొని, అందులో అన్నిటికన్నా పైన ఉన్న నంబర్‌కు కొట్టింది. ఆ నంబర్ నాది కాదు. "తాయీ, మావ్‌శీ గేల్యా" అంది మేడం. అక్కా, పెద్దమ్మ పోయింది అని. మరాఠీలో మావ్‌శీ అంటే అమ్మ అక్కచెల్లెలు. పెద్దమ్మ అని నేను పిలవవలసిన పిలుపు ఆమె నోట్లోంచి వచ్చింది. ఏడుపు కన్నా ముందు నాకు కలిగింది అసూయ. అప్పటి నుంచి అది నన్ను వదల్లేదు. ఈ నాలుగు మాటలు కూడా దాన్ని పక్కన కూర్చోబెట్టుకునే రాస్తున్నాను.

నేను నాందేడ్‌లో జిల్లా పరిషత్ బడి టీచర్‌ని. నా చదువంతా మరాఠీలో సాగింది. తెలుగు చదవడం, రాయడం పెద్దమ్మే నేర్పింది, ఇత్వారాలో వాళ్ళ ఫోటో స్టూడియో మెట్ల మీద కూర్చోబెట్టి, పాత గాజు పలకల మీద నెగిటివ్‌లు దిద్దే పెన్సిల్‌తో. కాబట్టి ఇక్కడ తప్పులేమైనా కనిపిస్తే సగం ఆమె ఖాతాలో రాసుకోండి.

స్టూడియోలో పెద్దనాన్న ఫోటోలు తీసేవాడు. పెద్దమ్మ రంగులు వేసేది. నలుపు తెలుపు ఫోటో మీద సన్నటి కుంచెతో చీరకు పచ్చ, బుగ్గలకు గులాబి, నుదుట కుంకుమ. కుంచె మొన సన్నబడాలని మాటిమాటికీ నోట్లో పెట్టుకునేది. బడి నుంచి వచ్చి ఆమె నాలుక చూసి, ఆ రోజు ఎవరి చీరకు ఏ రంగు పడిందో చెప్పేసేదాన్ని. "దొంగ ముండ, నా నాలుక నీకు సూచీపత్రమైంది" అని నవ్వేది.

అయితే ఆమెకు పేరు తెచ్చింది రంగులు కాదు, కోత. ఇది తెలియనివాళ్ళకు కొంచెం చెప్పాలి. ధర్మాబాద్, బిలోలి వైపు ఊళ్ళలో మా వాళ్ళంతా కూలి చేసుకుని బతికినవాళ్ళు. ఒంటరిగా ఫోటో దిగడం వాళ్ళలో ఎవరికీ అలవాటు లేదు. ఎవరి పెళ్ళిలోనో అందరితో పాటు చాప మీద కూర్చుంటే అదే జన్మకంతా ఒక్క ఫోటో. తర్వాత మనిషి పోతే, దినాలనాడు దండ వేయడానికి పటం కావాలి. ఆ గుంపు ఫోటో పట్టుకొని స్టూడియోకు వచ్చి, "గీమె" అని వేలు పెట్టి చూపించేవారు. కోయకుండానే నకలు తీయొచ్చని పెద్దనాన్న ఎంత చెప్పినా వినేవారు కాదు. పోయిన మనిషిని బతికున్నవాళ్ళ మధ్య అలాగే కూర్చోబెట్టి ఉంచితే పక్కవాళ్ళను కూడా పిలుస్తుందని వాళ్ళ భయం. విడదీయాల్సిందే. అందుకని పెద్దమ్మ బ్లేడుతో ఆ తల వరకు గుండ్రంగా కోసేది. కోసిన ముఖాన్ని పెద్దది చేసి రంగులు వేసి పటం కట్టి ఇచ్చేవారు.

కోసేటప్పుడు ఆమె ఊపిరి తీసుకునేది కాదు. పక్కన నేనున్నా నన్నూ బిగపట్టమనేది. "ఊపిరి ఇడ్సినవంటె పక్కోని చెవు పోతది. పక్కోడు ఇంక బతికే ఉన్నడు" అనేది.

ఎవరు ఏం అడిగినా కాదనేది కాదు. బతికినన్నాళ్ళూ పుస్తె తప్ప బంగారం ఎరగని ఆడమనిషికి, పోయాక మెడ నిండా హారం వేయమని కొడుకులు అడిగేవారు. వేసేది. నేనొకసారి ఇది అబద్ధం కదా అన్నాను. "నాదేం పోయిందే, రంగే గద. పోయినంకనన్న పెట్టుకోనీ" అంది, కుంచె నోట్లోంచి తీయకుండానే.

సరే, తల పోయింది, మిగతా ఫోటో? అది ఎవరూ ఇంటికి తీసుకుపోయేవారు కాదు. మధ్యలో ఖాళీ ఉన్న ఫోటో ఇంట్లో ఉంటే అరిష్టం అనేవారు. చింపడానికీ చేతులు రావు, అందులో బతికున్న ముఖాలున్నాయి. అందుకని స్టూడియోలోనే వదిలిపెట్టి, వెనక్కి చూడకుండా బస్సెక్కేవారు. అలా వదిలేసినవన్నీ పెద్దమ్మ రేకు పెట్టెల్లో దాచింది. కోత ఫోటోలు అనేది వాటిని. పెద్దనాన్న పోయాడు, ఫోన్లు వచ్చి స్టూడియో మూతపడింది, కెమెరాలు అమ్ముడుపోయాయి. కోత ఫోటోలు మాత్రం మేడమీది గదికి చేరాయి. గోదావరిలో కలిపేద్దామని నేను ఎన్నిసార్లో అన్నాను. "ఫోటోల కూసునేటప్పుడు ఎవ్వరు సచ్చిపోతమని కూసోరు బిడ్డా. అట్ల నమ్మి కూసున్నోళ్లను నీళ్లల్ల ఏస్తనా?" అనేది.

వాటిలో ఒకటి మా అమ్మది.

మా అమ్మ నాకు రెండేళ్ళప్పుడు కుండల్‌వాడిలో జ్వరంతో పోయింది. అంతకు కొన్నేళ్ళ ముందు, నేనింకా పుట్టకముందు, కర్ఖేలిలో ఏదో పెళ్ళికి పెద్దనాన్న ఫోటోలు తీయడానికి వెళ్తే, అక్కతో పాటు అమ్మ కూడా సరదాగా వెళ్ళింది. వాడకట్టంతా చాపలు పరుచుకుని కూర్చుంటే అమ్మనూ లాగి కూర్చోబెట్టారు. అమ్మ దిగిన ఫోటో అదొక్కటే. అమ్మ పోయాక బాపు అడిగితే పెద్దమ్మ తన చెల్లెలి తలను తన చేతులతోనే కోసింది. ఆ రోజు ఊపిరి ఎంతసేపు బిగపట్టిందో నాకు తెలియదు. ఆ పటం మా ఇంట్లో ఉంది. ఆకుపచ్చ చీర, నల్లపూసలు, పెద్ద కళ్ళతో నేరుగా మనవైపే చూస్తుంటుంది. నాకు తెలిసిన అమ్మ అంతే, మెడ పైభాగం.

మిగతా అమ్మ కోసం నేను చిన్నప్పటి నుంచి అడుగుతూనే ఉన్నాను. చేతులు ఎలా ఉండేవి, చాప మీద ఎలా కూర్చునేది, గాజులు ఎన్ని వేసుకునేది. ఆ కోత ఫోటో చూపించమంటే పెద్దమ్మ చూపించేది కాదు. "వద్దు బిడ్డా, తల లేని తల్లిని సూస్తె జడుసుకుంటవ్" అనేది. పెళ్ళయ్యాక అడిగితే, కడుపుతో ఉన్నదానివి వద్దంది. పిల్లలు పెద్దయ్యాక అడిగితే, ఏ పెట్టెలో ఉందో యాదికి లేదంది. పెద్దమ్మకు ఏది ఎక్కడుందో తెలియకపోవడమా?

అలాంటి సమయంలో యూనివర్సిటీ మేడం వచ్చింది. పాత పత్రాలు, ఫోటోలు సేకరించి భద్రం చేసే విభాగం అక్కడ ఒకటి ఉందట. నాందేడ్ పాత వీధుల ఫోటోలు ఏమైనా ఉన్నాయా అని అడుగుతూ మెట్లెక్కింది. చక్కటి కాటన్ చీర, చేతిలో గొడుగు, మర్యాద గల మాట. పెద్దమ్మ మంచి మంచి ఫోటోలన్నీ తీసి చూపించింది. మేడం చూపు మాత్రం మూలనున్న రేకు పెట్టె మీద పడింది.

"గివా? గివి పనికిరానియమ్మా. తలకాయలు లేనియి" అంది పెద్దమ్మ. మేడంతో ఆమె మాట్లాడేది మరాఠీయే, నేనిక్కడ మన మాటలో రాస్తున్నాను.

"తల లేనిది ఒక్కరికే కదా మావ్‌శీ, మిగతా అందరూ ఉన్నారు" అంది మేడం.

పెద్దమ్మ ఆమెను కాసేపు అలాగే చూసి, "చాయ్ తాగుతవా?" అంది. నేనక్కడే ఉన్నాను. నా పని అయిపోయిందని నాకు అప్పుడే తెలిసింది.

ఆ తర్వాత మేడం వారం వారం రావడం మొదలుపెట్టింది. ఒక్కొక్క ఫోటో తీసి, ఏ ఊరు, ఎవరి పెళ్ళి, ఎవరిని కోశారు, మిగిలినవాళ్ళెవరు అని అడిగేది. పెద్దమ్మకు కొందరు గుర్తున్నారు, కొందరు లేరు. కొందరి పేర్లు ఒక వారం ఒకటి, ఇంకో వారం ఇంకొకటి చెప్పేది. మేడం విసుక్కోకుండా రెండూ రాసుకునేది, ఎదురుగా ప్రశ్న గుర్తు పెట్టేది. నేను వచ్చేటప్పటికి సర్వపిండి అయిపోయి ఉండేది. ఒకప్పుడు నాకోసం డబ్బాలో దాచిన సర్వపిండి! "నీకు మల్ల చేస్త తియ్" అనేది పెద్దమ్మ. ఆ మేడం ఇంట్లో వండుకోదా అని నేను అనుకునేదాన్ని.

పెట్టెలు కొన్ని యూనివర్సిటీకి చేరాక పెద్దమ్మే అక్కడికి వెళ్ళడం మొదలుపెట్టింది. ఆమెకు పాఠకుల కార్డు చేసి ఇచ్చారు. దాన్ని బ్లౌజులో పెట్టుకుని తిరిగేది. నా కొడుకు కొత్త ఫ్లాట్ చూడటానికి రమ్మంటే మోకాళ్ళు నొప్పులనే మనిషి, ఆటో కట్టించుకుని ఊరవతల యూనివర్సిటీ దాకా పోయేది. అక్కడ పెన్ను పనికిరాదట, పెన్సిలే వాడాలట, చేతులకు తెల్ల తొడుగులు వేసుకోవాలట, ఒక పెట్టె ఒక్కరికే ఇస్తారట, అది తిరిగిచ్చాకే ఇంకొకరికట. ఇవన్నీ నాకు గొప్పగా చెప్పేది. "మస్తు మర్యాద చేస్తరే. నేను కోసిన ముక్కలకు ఏసీ వెట్టిన్రు" అని మురిసిపోయేది. నేను ఊ కొట్టేదాన్ని. నాకూ కార్డు చేయిస్తానంది. నా సొంత పెద్దమ్మ సామాను చూడటానికి నాకు కార్డేమిటని వద్దన్నాను.

ఒక ఆదివారం నేను వంటింట్లో చాయ్ పెడుతున్నాను. ముందు గదిలో మేడం రికార్డర్ పెట్టి ఏదో అడుగుతోంది. పెద్దమ్మ గొంతు వినిపించింది.

"నా చెల్లె ఫోటోల కండ్లు మూసుకున్నదమ్మా. మూసిన కండ్లతోని పటం ఎట్ల కడ్తం? పోరి తల్లిని సూస్కోవాలె గద. అద్దం ముంగట వెట్టుకొని నా కండ్లు సూస్కుంట ఏసిన. మా ఇద్దరియి ఒక్క తీరే ఉంటుండె అనేటోళ్లు. ఉంటుండెనో లేకుండెనో."

చాయ్ పొంగి స్టవ్వు మీద పడింది. గోడ మీద నన్ను ఇన్నేళ్ళుగా చూస్తున్నవి మా అమ్మ కళ్ళు కావు, పెద్దమ్మ కళ్ళు. దానికి నేను ఏడవాలో దండం పెట్టాలో తెలియలేదు. కానీ ఒకటి మాత్రం సూదిలా గుచ్చుకుంది. ఆ సంగతి నాకన్నా ముందు ఆ మేడంకు తెలిసింది. నేను చాయ్ తీసుకుని వెళ్ళేటప్పటికి మేడం పెద్దమ్మ చెయ్యి పట్టుకుని ఉంది. చక్కెర వేయకుండానే ఆమె కప్పు ఆమె ముందు పెట్టాను. ఆమె అలాగే తాగింది.

మిగిలిన పెట్టెలు కూడా ఇచ్చేస్తూ దానపత్రం మీద సంతకం చేసే రోజు నేను సెలవు పెట్టి మరీ వెళ్ళాను. సంతకానికి ముందు, ఇంట్లో ఉంచుకోవాలనుకున్నవి ఏమైనా ఉంటే తీసేసుకోండి అని మేడమే చెప్పింది. అడిగిన వాటికి నకళ్ళు కూడా ఇస్తామంది.

"కర్ఖేలి ఫోటో నాకు కావాలె పెద్దమ్మా. నకలు కాదు, అసలుది" అన్నాను.

"అది ఇయ్య."

"మా అమ్మ గద."

"నీకు అమ్మ అయ్యేకన్న ముందుగాల నాకు చెల్లె. నువ్వు రెండేండ్లు సూసినవ్. నేను అది పుట్టినకాన్నుంచి సూసిన. నాకు లేదానె దాని మీద హక్కు?"

పెద్దమ్మలో కూడా నా లాంటి అసూయే ఒకటి ఉందని అప్పుడు చూశాను. అంతకాలం ఆ ఫోటో నాకు చూపించకపోవడానికి అసలు కారణం నేను జడుసుకుంటానని కాదేమో అనిపించింది. ఆ మాటే అన్నాను కూడా. ఆమె కోప్పడలేదు.

"ఉండొచ్చు. గని బిడ్డా, నువ్వు తీస్కపోతె ఏం చేస్తవ్? బీరువల వెట్టి తాళం ఏస్తవ్. అండ్ల మీ అమ్మ ఒక్కతే ఉన్నదా? వాడకట్టు వాడకట్టే ఉన్నది. ఆళ్లకు మల్ల యాడున్నదే ఫోటో?"

"ఆళ్లు ఎవరో నాకేమెరుక?"

"గందుకే ఇయ్యనంటున్న" అని సంతకం చేసేసింది. తెలుగులో, ఒక్కొక్క అక్షరం రంగు వేసినంత నిదానంగా. నేను అలిగాను. అలిగి కూడా వెళ్తూనే ఉన్నాను. కూరగాయలు ఇచ్చి, బీపీ మాత్రలు చూసి, తక్కువ మాట్లాడి వచ్చేదాన్ని. "ఎప్పుడన్న పొయ్యి సూడరాదు, పొద్దంతా ఉంటరు" అని ఆమె అంటూనే ఉండేది. మేడం చేతిలోంచి నేను మా అమ్మను తీసుకోవాలా? వెళ్ళలేదు.

ఆ తర్వాత ఎంతో కాలం పట్టలేదు, ఆ ఫోన్ రావడానికి.

దినాలకు పటం కావాల్సి వచ్చింది. అప్పుడు గాని మాకు తట్టలేదు, వేలమందికి పటాలు కట్టిన మనిషికి తన ఫోటో లేదు. పెళ్ళి ఫోటో కూడా లేదు. దిగమంటే, "తీసేటోళ్లకు దిగనీకి యాల్ల యాడిది" అనేది. బంధువులందరి ఫోన్లూ వెతికాం. ఆమె ఎప్పుడూ ముఖం పక్కకు తిప్పుకునో, కొంగు అడ్డం పెట్టుకునో ఉంది. నిండుగా, నవ్వుతూ, తెల్ల తొడుగులు వేసుకుని కూర్చున్న ఫోటో ఒక్కరి దగ్గరే ఉంది. మేడం దగ్గర. ఆమె భుజం మీద చెయ్యి వేసి పక్కన మేడం కూడా ఉంది.

ల్యాబుకు నేనే వెళ్ళాను. మేడంను కత్తిరించేయమన్నాను. కంప్యూటర్‌లో ఊపిరి బిగపట్టే పని లేదు, ఒక్క నొక్కుతో ఆమె పోయింది. భుజం మీద వేళ్ళు మాత్రం మిగిలాయి. ఉంచాలా తీసేయాలా అని ల్యాబు అతను అడిగాడు. తీసేయమన్నాను. నిజం చెప్పాలంటే, ఆ వారం రోజుల్లో నాకు కొంచెం హాయిగా అనిపించింది అప్పుడే.

దినాలకు మేడం వచ్చింది. పటం ముందు నిలబడింది. తన చెయ్యి ఎక్కడ ఉండాలో అక్కడ చీర రంగు పులిమి ఉండటం ఆమె చూసింది, చూసిందని నేను చూశాను. పూలు పెట్టి, పోతూ పోతూ, "తాయీ, ఒకసారి యూనివర్సిటీకి రావాలి మీరు. మావ్‌శీ చెప్పిన మాట ఒకటి నా దగ్గర ఉండిపోయింది" అంది. నా దగ్గర ఉండాల్సిన మాట ఈమె దగ్గర ఎందుకుందని నాకు మళ్ళీ మండింది. ఆ మంటతోనే వెళ్ళాను.

వాకిట్లో సంచీ తీసుకుని అరలో పెట్టారు. పాతికేళ్ళ పైగా పాఠాలు చెప్తున్న నా పెన్ను తీసుకుని పెన్సిల్ చేతిలో పెట్టారు. చేతులు కడుక్కోమన్నారు. కార్డు కోసం పేరు రాయించారు. లోపల చల్లగా, నిశ్శబ్దంగా ఉంది. మేడం ఒక అట్టపెట్టె తెచ్చి నా ముందు పెట్టి మూత తీసింది. కాగితపు కవర్లలో ఉన్న ఫోటోల పైన, పాత జాకెట్టు గుడ్డలో చుట్టి దారంతో కట్టినది ఒకటి ఉంది. ఆ ముడి పెద్దమ్మది. పటం వెనక తీగ బిగించేటప్పుడు వేసే ముడి.

"ఇది నేను విప్పలేదు తాయీ. గుడ్డ మీదే నంబరు చీటీ పెట్టాను. 'మొదలు నా బిడ్డ చూడాలె, తర్వాత లోకమంతా చూస్కోనీ' అని మావ్‌శీ మాట తీసుకుంది. మీతో చెప్పొద్దంది. తనంతట తానే రావాలంది" అని, కొంచెం ఆగి, "కర్ఖేలి నుంచి ఒకాయన ఫోటోలు ఇక్కడికి చేరాయని విని దీనికోసం చాలాసార్లు వచ్చి తిరిగిపోయారు. ఇవాళ కూడా బయట కూర్చున్నారు. మీరు చూడటం అయ్యాకే పిలుస్తాను" అంది.

అంటే ఈ మేడం మా అమ్మను చూడనే లేదు. ఇన్నాళ్ళూ నేను కుళ్ళుకున్నది, విప్పడానికి వీలున్నా ముడి విప్పని మనిషి మీద. ఆ ఊరట ఎంతసేపు నిలిచింది? కర్ఖేలి ఆయన ఎవరు, మా అమ్మ ఫోటోతో అతనికేం పని అని వెంటనే ఇంకో కుళ్ళు మొదలైంది. "ఆయన్ను కాసేపు కూర్చోనీయండి" అన్నాను మేడంతో. ముడి విప్పాను.

పెళ్ళి పందిరి. చాపల మీద జనం వరుసలు వరుసలుగా. ముందు వరుసలో ఒక గుండ్రటి ఖాళీ, దాని కింద మా అమ్మ. నేను జడుసుకోలేదు. చీర ఆకుపచ్చ కాదు, ఏదో గళ్ళ నేత చీర. ఎడమ చేతికి గాజులు, కుడి చేతికి ఏమీ లేవు. కాళ్ళు ఒక పక్కకు మడుచుకుని కూర్చుంది, అచ్చం నేను కూర్చున్నట్టే. అలా కూర్చుంటానని మా ఇంట్లో అందరూ నన్ను వేళాకోళం చేస్తారు. ఆమె ఒళ్ళో ఒక పిల్లాడు. అమ్మ రెండు చేతులూ వాడి చుట్టూ ఉన్నాయి.

ఆ ఖాళీ మిగతా తలల వరుసలో లేదు. కిందికి, ముందుకు ఉంది. మిగిలిన మెడ వంపు వాడి వైపే ఉంది. ఎంతోసేపు చూశాక అర్థమైంది. అమ్మ కళ్ళు మూసుకోలేదు. ఒళ్ళో ఉన్న ఆ పిల్లాడిని చూస్తోంది. రెప్పలు కిందికి వాలి ఉండటంతో పెద్దమ్మకు అవి మూసిన కళ్ళలా కనిపించాయి. నా కోసం నేరుగా చూసే కళ్ళు వేసింది గాని, ఉన్న ఒక్క ఫోటోలో మా అమ్మ చూస్తున్నది ఇంకెవరి బిడ్డనో. నేనప్పటికి పుట్టనేలేదని తెలుసు. తెలిసి కూడా, ఆ పసివాడి మీద నాకు కలిగినంత అసూయ జన్మలో ఎవరి మీదా కలగలేదు. మేడం మీద కలిగింది దాని ముందు ఆటబొమ్మ.

ఆయన్ను పిలవమని చెప్పడానికి నాకు మధ్యాహ్నం దాటింది.

వచ్చినాయన నాకన్నా కాస్త పెద్దవాడు. ధర్మాబాద్‌లో మిరపకాయ మండీలో హమాలీ. చేతులు కడుక్కుని వచ్చాడు, గుమ్మం దగ్గర ఆగి మళ్ళీ వెళ్ళి కడుక్కున్నాడు. "మిర్చి చేతులక్క. ఎంత కడిగిన పోదు. ఫోటోకు ఏమన్న అయితదేమో" అన్నాడు. తొడుగులు ఆయన వేళ్ళకు సగం వరకే దిగాయి. నేను లేచి నా కుర్చీ ఇవ్వలేదు. పక్క కుర్చీ చూపించాను.

"మా అమ్మ చెప్తుండె. 'ఫోటో దీసేటాయన మరదలు నిన్ను సంకల కెల్లి దించనే లేదురా, ఫోటో దిగెదాక ఒళ్ళెనే వెట్టుకున్నది' అని. నాకు అప్పటికి నడక గూడ రాలేదంట" అంటూ ఫోటో మీదికి వంగాడు. తనను వెతుక్కుంటున్నాడని అనుకున్నాను. కాదు. ఆయన కళ్ళు అమ్మ వెనక నిలబడిన ఒక బక్కపలచటి మనిషి దగ్గర ఆగాయి. ముఖం చక్కగా, స్పష్టంగా ఉంది. ఎవరూ కోయని ముఖం.

"గీమె" అన్నాడు. కుర్చీ ఇంకొంచెం ముందుకు జరుపుకున్నాడు. "మా అమ్మ పోయినప్పుడు ఫోటో లేకుండె. ఉత్త పీట వెట్టి దానికే దండేసినం."

మా అమ్మకు పటం ఉంది, దానికి పెద్దమ్మ కళ్ళున్నా సరే. ఈయన అమ్మకు ఇక్కడ తప్ప ఎక్కడా ముఖం లేదు. వాడకట్టు వాడకట్టే ఉన్నదే అని పెద్దమ్మ అన్నది ఈయన గురించేనో, ఇంకెవరి గురించో, ఆమెకే తెలియదు.

ఆయన ఒక్కొక్కరినీ చూపిస్తూ పేర్లు చెప్పాడు. మేడం పెన్సిల్‌తో రాసుకుంది. కాసేపటికి ఆయన తనలో తాను నవ్వాడు. "అందరు పోయిన్రు మేడం. ఇగ ఇండ్ల బతికున్నది నేనొక్కన్నే. కోసుడుంటె ఇప్పుడు నన్నే కొయ్యాలె" అన్నాడు. మేడంకు అది మరాఠీలో చెప్తే ఆమె కూడా నవ్వింది. నేనూ నవ్వాను, ఎన్నాళ్ళ తర్వాతో.

అప్పుడు ఆయన నా వైపు తిరిగాడు. "గీ తల్లి నీకు ఏమైతదక్క?"

"మా అమ్మ."

ఆయన గుండ్రటి ఖాళీని చూశాడు, నన్ను చూశాడు. "ఆమె ఒళ్ళె కూసున్నోన్ని. నీకన్న ముందు కూసున్నోన్ని. అట్లయితె నేను నిన్ను అక్క అనొద్దు. నువ్వు నాకు చెల్లెవు" అన్నాడు.

అమ్మను పంచుకోవడం నాకు అలవాటు లేదు. పెద్దమ్మతోనే పంచుకోలేకపోయాను. ఇవాళ్టిదాకా ఉన్నాడనైనా తెలియని మనిషి వచ్చి, మా అమ్మ చేతుల్లో నాకన్నా ముందు చోటు నాదంటే, అది నిజం కూడా అయితే, ఏమనాలి? ఆయన జవాబు కోసం ఆగలేదు. మళ్ళీ వంగి, తన తల్లి ముఖానికి వేలు తగలకుండా కొంచెం పైన పెట్టి, అలాగే ఉండిపోయాడు.

మూసే సమయం అయింది. అవతలి గదుల్లో లైట్లు ఒక్కొక్కటే ఆరుతున్నాయి. మేడం మూత పట్టుకుని మెల్లగా వచ్చి పెట్టె పక్కన నిలబడింది.

"జర ఆగుండ్రి మేడం" అన్నాను. మరాఠీలో చెప్పాలని కూడా తోచలేదు. "అన్న చూస్తున్నడు."

ఆమెకు అర్థమైంది. మూత బల్ల మీద పెట్టి, కుర్చీ లాక్కుని మా పక్కన కూర్చుంది.